మా ఆవిడకి ఏఎంఎల్ (ఒక రకం బ్లడ్ క్యాన్సర్), కీమో మధ్యలో ఉన్నాం. పక్కనుండే మనిషిగా నేనేం చేయాలి?

కాలవగట్టు (ఏలూరు):

అందరికీ నమస్కారమండి. నాలుగు రోజుల నుంచి రాస్తున్నాను, చెరిపేస్తున్నాను. కాస్త పెద్దదే, ఓపిక ఉంటే చదవండి.

మా ఆవిడకి 36 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి టీచరు. జూన్‌లో స్కూళ్లు తెరిచిన వారం, పళ్లు తోముకుంటుంటే చిగుళ్లలోంచి రక్తం ఆగట్లేదంటే పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పంటి మీద చెయ్యి కూడా వేయలేదు. కాళ్ల మీద ఎర్ర చుక్కలు చూసి, ముందు సీబీపీ, అంటే రక్తకణాల పరీక్ష, చేయించుకు రండి అన్నాడు. ఇప్పటికీ ఆయనకి మనసులో దణ్ణం పెట్టుకుంటాను. ప్లేట్‌లెట్స్ 14 వేలు, తెల్లకణాలు 62 వేలు. ల్యాబ్ కుర్రాడు కాగితం ఇచ్చేటప్పుడు నా మొహం వంక చూడలేదు. ఆ రాత్రే హైదరాబాద్ బయల్దేరాం.

బోన్ మ్యారో (ఎముక మూలుగ) పరీక్ష చేసి ఏఎంఎల్ అన్నారు. ఏడు రోజులు ఒక మందు, అందులో మొదటి మూడు రోజులు ఇంకో ఎర్ర మందు కూడా. మూత్రం ఎర్రగా వస్తే రక్తం అనుకుని నేను వార్డంతా పరిగెత్తాను, మందు రంగేనని సిస్టర్ నవ్వింది. 31 రోజులు ఆసుపత్రిలోనే ఉన్నాం. మళ్లీ బోన్ మ్యారో చేసి రెమిషన్ వచ్చిందన్నారు. వ్యాధి పోయినట్టేనా అని అడిగితే, కనపడట్లేదు, అంతే, ఇంకా కీమోలు ఉన్నాయి అన్నారు.

ఇప్పుడు ఆసుపత్రికి పావుగంట దూరంలో ఒక గది, వంటిల్లు ఉన్న పోర్షన్‌లో ఉంటున్నాం. ఏడేళ్ల బాబు ఏలూరులో మా అమ్మ దగ్గర ఉన్నాడు. నాకు ఎలక్ట్రికల్ షాపు ఉంది, తమ్ముడు చూస్తున్నాడు, అంటే మూసెయ్యకుండా ఉంచుతున్నాడు.

నన్ను తినేస్తున్న విషయం ఒకటుంది. మొదటి కన్సాలిడేషన్ (రెమిషన్ తర్వాత ఇచ్చే కీమో) అయ్యి రూముకి వచ్చాక 12వ రోజు రాత్రి పదకొండింటికి ఒళ్లు వెచ్చగా ఉందంది. చూస్తే 100.8. జ్వరం వస్తే ఫోన్ చేయమని డిశ్చార్జి కాగితంలో రాసే ఉంది. ఈ టైములో ఆటోలో తిప్పడమెందుకు, పొద్దున్నే వెళ్దామని డోలో ఇచ్చాను. గంటలో తగ్గింది, నిద్రపోయింది, నేనూ పడుకున్నాను. తెల్లారి లేపితే మాట తేడాగా వస్తోంది, చేతులు చల్లగా ఉన్నాయి. బీపీ పడిపోయింది. రెండు రోజులు ఐసీయూలో ఉంచారు. బయటపడింది. తను ఆ రాత్రి గురించి ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఇప్పుడు రెండో కన్సాలిడేషన్ అయింది. మొదట ఏడు రోజులు ఇచ్చిన మందునే ఇప్పుడు ఎక్కువ డోసులో ఇస్తారు కాబట్టి చిన్నమెదడు మీద ప్రభావం ఉందేమో చూడటానికి ప్రతి డోసుకి ముందు పేరు రాయిస్తారు, రాత వంకరపోతే మందు ఆపేస్తారు. మా ఆవిడ బోర్డు మీద రాస్తే అచ్చు గుద్దినట్టుండేది. మొదటి రోజు పేరు రాసింది. మూడో రోజు సిస్టర్ కాగితం ఇస్తే పైన తేది, వారం, కింద "హాజరు: 1" అని రాసిచ్చింది. నెలన్నరలో తను చేసిన జోకు అదొక్కటే. మిగతా టైమంతా గోడ వైపు తిరిగి పడుకుంటుంది. ఏం కావాలంటే ఏం వద్దంటుంది. వండింది రెండు ముద్దలు తిని పక్కన పెడుతుంది. ధైర్యంగా ఉండమంటే కళ్లు మూసుకుంటుంది.

బంధువులు సరేసరి. ఆదివారం వచ్చిందంటే పళ్ల సంచులతో, ప్రసాదాలతో దిగుతారు. వద్దంటే "మేం పరాయివాళ్లమా" అంటారు. పెద్ద టెన్షన్ ఇంకోటి. క్యాన్సర్ కణాల్లో ఎఫ్‌ఎల్‌టీ3 అనే జన్యువులో మార్పు ఉంది కాబట్టి ట్రాన్స్‌ప్లాంట్ (వేరేవాళ్ల మూలకణాలు ఎక్కించడం) చేయించుకోవడమే మంచిదన్నారు. డోనర్ల రిజిస్ట్రీలో ఫుల్ మ్యాచ్ దొరకలేదు. మా బావమరిది (29) హాఫ్ మ్యాచ్. టెస్టుకి పాపం వెంటనే వచ్చి రక్తం ఇచ్చాడు. పెళ్లయి ఏడాదే. ఇప్పుడు వాళ్ల మామగారు వెన్నులోంచి తీస్తారట, రేపు పిల్లలు పుట్టరట అని అడ్డం పడ్డారు. వాడు ఫోన్ ఎత్తట్లేదు. మా అత్తగారికి 62, బీపీ, షుగరు. మా ఆవిడేమో "వాణ్ణి అడగొద్దు, బతిమాలొద్దు" అంటోంది. అడక్కుండా ఎలాగండీ?

పసుపు సంచి (కరీంనగర్):

తమ్ముడూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మా ఆయనకి 2019లో ఇదే జబ్బు. వాళ్ల చెల్లెలు హాఫ్ మ్యాచ్ డోనర్. ఇప్పుడు ఆయన బండి మీద తిరుగుతున్నారు, నా మీద అరుస్తున్నారు, అంతా మామూలే.

ముందు ఆ డోలో సంగతి. నేనూ ఇచ్చాను. మా వార్డులో నాకు తెలిసిన ఆరుగురు అటెండెంట్లలో నలుగురు ఎప్పుడో ఒకప్పుడు ఇచ్చినవాళ్లే. ఇన్నేళ్లు జ్వరమంటే డోలో వేసుకుని పడుకున్నవాళ్లం, ఒక్క డిశ్చార్జి కాగితంతో ఆ అలవాటు పోతుందా. కానీ ఇకమీద జరగకుండా చూసుకోవాలి. నేను చేసింది చెబుతాను. తలుపు వెనక మేకుకి ఒక పసుపు సంచి తగిలించి ఉంచాను. (ఈ పేరు అందుకే.) అందులో ఫైలు జిరాక్సులు, ఆఖరి సీబీపీ, ఒక జత బట్టలు, ఛార్జరు, ఐదు వేలు క్యాష్, నీళ్ల బాటిలు. పైన ఒక అట్టముక్క మీద పెద్దక్షరాలతో "బ్లడ్ క్యాన్సర్, కీమో ఇచ్చిన తేదీ ఇది, కౌంట్స్ (రక్తకణాల సంఖ్య) తక్కువ, జ్వరం" అని ఇంగ్లీషులో మా మేనల్లుడితో రాయించాను. రాత్రిపూట క్యాజువాలిటీలో ఉండే కుర్ర డాక్టరుకి మన కథంతా చెప్పే టైముండదు, నేను నోరు తెరవకుండా ఆ అట్ట చూపించేదాన్ని. ఒకసారి రాత్రి రెండింటికి వెళ్తే ఇరవై నిమిషాల్లో యాంటీబయాటిక్ ఎక్కించారు. రాత్రి పిలిస్తే వచ్చే ఆటో అతని నంబరు కూడా ముందే పెట్టుకోండి. ఆ టైములో యాప్‌లో బండి కోసం చూస్తూ నిలబడటం నరకం.

బంధువుల విషయంలో మీరు చెడ్డవాళ్లవ్వాలి. వేరే దారి లేదు. మా ఆడపడుచు మొగుడు జలుబుతో వచ్చి "రెండు నిమిషాలు చూసి పోతా" అంటే గేటు దగ్గరే కుర్చీ వేసి చాయ్ ఇచ్చి పంపించాను. ఆయన రెండేళ్లు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే ఏమైంది? కానీ తిప్పి పంపే బదులు ఏదో ఒక పని అప్పగిస్తే వాళ్ల మనసూ ఊరుకుంటుంది. ప్లేట్‌లెట్స్ కోసం వాళ్ల ఆఫీసులో డోనర్లని వెతకమనండి, బాబుని ఆదివారం ఎక్కడికైనా తీసుకెళ్లమనండి, మీ షాపులో ఒక పూట కూర్చోమనండి. ప్రసాదం తెచ్చినవాళ్లని "దేవుడి దగ్గర పెట్టాను" అనండి చాలు. నిజంగానే పెట్టండి. పూలదండలు, కుండీలు మాత్రం గదిలోకి రానివ్వకండి, మట్టిలో బూజు ఉంటుంది.

తిండి. నేను బాదం పాలు, సూపులు, యూట్యూబ్ చూసి ఏవేవో చేశాను, ఒక్కటీ దిగలేదు. నోరంతా ఇనుము రుచి అనేవారు. స్టీలు చెంచా తీసేసి ప్లాస్టిక్ చెంచా ఇస్తే కాస్త నయమైంది, ఎవరో ముసలావిడ క్యాంటీన్లో చెప్పింది నాకు. ఆఖరికి ఆయనకి దిగింది పప్పుచారు అన్నం, ఉడికించిన గుడ్డు, వేడి వేడి ఉప్మా. నెల రోజులు అవే. వేడిగా వండి వెంటనే పెట్టండి, రెండు ముద్దలైతే రెండు ముద్దలే. రోజుకి ఆరుసార్లు రెండేసి ముద్దలు పెడితే పన్నెండు ముద్దలు.

డబ్బు గురించి మీరు రాయలేదు గానీ మీది ఏపీ కదా, ఎన్టీఆర్ వైద్య సేవ కింద హైదరాబాద్‌లో కొన్ని ఆసుపత్రులు ఉన్నాయి. ట్రాన్స్‌ప్లాంట్‌కి ఎంత వస్తుందో మీ ఆసుపత్రి స్కీమ్ డెస్క్‌లో ఇప్పుడే అడగండి. ముఖ్యమంత్రి సహాయ నిధి, ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి రెండింటికీ పెట్టండి, ఎస్టిమేట్ కాగితం మీద ఆసుపత్రి సంతకం కావాలి. రైల్లో క్యాన్సర్ పేషెంటుకి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో టికెట్ ఫ్రీ, తోడు వెళ్లేవాళ్లకి 75 శాతం తగ్గింపు. ఆ ఫారం కూడా ఆసుపత్రిలోనే ఇస్తారు. కౌంట్స్ బాగున్నప్పుడే రైలు, అది వేరే చెప్పక్కర్లేదు.

ఇంకొకటి, మీరు అన్నం ఎప్పుడు తింటున్నారు? నాకు షుగరుంది, ఆ నాలుగు నెలలు మాత్రలు ఎప్పుడు వేసుకున్నానో ఎప్పుడు మానేశానో కూడా గుర్తులేదు. ఆఖరికి ఆయన ట్రాన్స్‌ప్లాంట్ గదిలో ఉంటే నేను కింద ఓపీ లైన్లో కళ్లు తిరిగి పడిపోయాను. మీ తమ్ముణ్ణి పదిహేను రోజులకోసారి రెండు రోజులు రమ్మనండి. మీరు ఏలూరు వెళ్లి బాబు పక్కన పడుకోండి.

ప్రకృతి బాట:

అన్నా, ఇంగ్లీషు మందులతో కౌంట్స్ పడిపోతూనే ఉంటాయి. బొప్పాయి ఆకు రసం పొద్దున్నే పరగడుపున, సాయంత్రం గోధుమ గడ్డి రసం, తిప్పతీగ కషాయం ఇవ్వండి. మా బాబాయికి డెంగీలో మూడు రోజుల్లో 20 వేల నుంచి లక్ష దాటాయి ప్లేట్‌లెట్స్. నమ్మినవాళ్లకి మంచి జరుగుతుంది.

నైట్ డ్యూటీ:

నేను హెమటాలజీ వార్డులో స్టాఫ్ నర్సుని, పదకొండేళ్లుగా. పైన రాసిన ఆయనకి మంచి ఉద్దేశమే ఉండొచ్చు. డెంగీలో జ్వరం తగ్గాక ప్లేట్‌లెట్స్ వాటంతటవే పెరుగుతాయి, ఆకు రసం ఇచ్చినా ఇవ్వకపోయినా. ఇక్కడ సంగతి వేరు. కణాలు తయారయ్యే చోటునే కీమో ఖాళీ చేసింది, మళ్లీ మొలకెత్తేదాకా ఆగాల్సిందే. పచ్చి ఆకు రసం అంటే కౌంట్స్ లేని మనిషికి గ్లాసుడు క్రిములు తాగించడం. తిప్పతీగ వాడి లివర్ దెబ్బతిన్న కేసుల గురించి ముంబై డాక్టర్లు 2021లోనే రాశారు. దయచేసి ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే డాక్టరు దగ్గర దాచకండి, తిట్టినా పర్లేదు.

కాలవగట్టు గారూ, మా వార్డులో డిశ్చార్జి రోజు నేను చెప్పే మాటలు ఇవి, ఒక వరసలో రాయట్లేదు, గుర్తొచ్చినట్టు రాస్తున్నాను.

100.4 దాటితే అది జ్వరం కాదు, అది ఎమర్జెన్సీ. ముందు ఫోన్, వెంటనే బయల్దేరడం. మాత్ర వేస్తే టెంపరేచర్ దిగుతుంది, లోపల ఇన్ఫెక్షన్ ఎక్కడికీ పోదు, మీ విషయంలో జరిగిందదే. జ్వరం లేకుండా చలి, వణుకు వచ్చినా అంతే. వీధి చివర ఆర్‌ఎంపీతో ఇంజెక్షన్ చేయించొద్దు, ప్లేట్‌లెట్స్ తక్కువున్నప్పుడు కండకి సూది వేస్తే అక్కడే రక్తం గడ్డకడుతుంది. బ్రూఫెన్, ఆస్పిరిన్ లాంటివి ఇంట్లోనే ఉంచొద్దు.

పిక్ లైన్ (చేతి నరంలోంచి మందులెక్కించే సన్నని గొట్టం) ఉంటే స్నానానికి ముందు చేతికి కవరు చుట్టండి, డ్రెస్సింగ్ వారానికోసారి, తడిస్తే అదే రోజు. చెయ్యి వాచినా ఎర్రబడినా చూపించండి. నోటికి గ్లాసుడు కాచి చల్లార్చిన నీళ్లలో అర చెంచా ఉప్పు, అర చెంచా వంటసోడా కలిపి రోజుకి నాలుగైదుసార్లు పుక్కిలించమనండి, పుండ్లు రాకముందే మొదలెట్టాలి. మెత్తని బ్రష్. కీమో ఎక్కిన రెండు రోజులు బాత్రూంలో మూత పెట్టి రెండుసార్లు ఫ్లష్ చేయండి, వాంతి శుభ్రం చేయాల్సి వస్తే గ్లవ్స్ వేసుకోండి. పెరుగు సంగతి అందరూ అడుగుతారు, ఒక్కో యూనిట్‌లో ఒక్కో రూలు ఉంటుంది, మీ డాక్టరు మాటే వినండి. మరీ అన్నీ నిషేధిస్తే పేషెంటు తినడమే మానేస్తుంది, చేతులు కడుక్కోవడం దగ్గర మాత్రం ఎవరికీ మినహాయింపు లేదు. అరటి, బత్తాయి లాంటి తొక్క మందంగా ఉన్న పళ్లు కడిగి ఒలిచి ఇవ్వడానికి చాలా చోట్ల ఒప్పుకుంటారు.

ముఖ్యమైన మాట. ట్రాన్స్‌ప్లాంట్ అనుకుంటున్నారు కాబట్టి మీ బావమరిది, అత్తగారు, ఆవిడ రక్తసంబంధీకులెవరూ ఆవిడకి రక్తం గానీ ప్లేట్‌లెట్స్ గానీ ఇవ్వకూడదు. ఒంట్లో యాంటీబాడీలు తయారై రేపు వాళ్ల మూలకణాలనే తిప్పికొట్టే ప్రమాదం ఉంది. ప్రేమ కొద్దీ ముందుకొచ్చేది వాళ్లే, ఆపాల్సింది మీరు. బయటి డోనర్లని చూసుకోండి. ఎస్‌డీపీ (ఒకే డోనర్ నుంచి మిషన్‌తో తీసే ప్లేట్‌లెట్స్) ఇచ్చేవాళ్లకి చేతి నరం బాగుండాలి, వాళ్ల ప్లేట్‌లెట్స్ లక్షన్నర దాటి ఉండాలి, మూడు రోజుల్లో ఆస్పిరిన్ వేసుకుని ఉండకూడదు. ఇచ్చిన ప్యాకెట్ ఐదు రోజులకి మించి నిలవ ఉండదు, కాబట్టి పదిమందిని ఒకేసారి పిలవకండి, లిస్టు రాసుకుని రోజుకొకరు.

ఆడవాళ్ల విషయం ఎవరూ అడగరు కాబట్టి నేనే చెబుతాను. నెలసరి వస్తే ప్లేట్‌లెట్స్ లేనప్పుడు రక్తస్రావం ఆగదు, ఆపడానికి మందులిస్తారు, తేదీ దగ్గర పడుతుంటే ముందే డాక్టరుకి చెప్పండి. భార్యాభర్తలుగా దగ్గరవ్వడం పాపమేం కాదు, కౌంట్స్ బాగున్నప్పుడు, కండోమ్‌తో. సిగ్గుపడి అడగకుండా ఏడాది పాటు విడివిడిగా పడుకున్న జంటల్ని చూశాను.

అక్క కోసం (విశాఖ):

నేను డోనర్ని. మా పెద్దక్కకి 2021లో ఇచ్చాను. మీ బావమరిదికి ఇది చూపించండి, కుదిరితే వాళ్ల మామగారికి కూడా.

వెన్నులోంచి ఏమీ తీయరు. నాకు ఐదు రోజులు పొట్ట మీద చర్మం కింద చిన్న ఇంజెక్షన్లు ఇచ్చారు, ఇన్సులిన్ సూదిలాంటివి. మూడో రోజు నుంచి నడుము, తొడ ఎముకలు లాగేశాయి, వైరల్ ఫీవర్లో ఒళ్లు నొప్పుల్లా. మాత్ర వేసుకుంటే తట్టుకోగలిగాను. ఐదో రోజు మంచం మీద పడుకోబెట్టి ఒక చేతిలోంచి రక్తం తీసి, మిషన్లో తిప్పి, మూలకణాలు వేరుచేసి మిగతాది ఇంకో చేతిలోకి ఎక్కించారు. నాలుగున్నర గంటలు పట్టింది. మధ్యలో పెదాలు జివ్వుమంటే కాల్షియం ఇచ్చారు. రెండు చేతులూ కదపకూడదు, ముక్కు దురదపెడితే సిస్టర్‌ని పిలవాలి, నా మటుకు అన్నిటికంటే కష్టం అదే. సంచిలో చూస్తే టమాటా చారు రంగులో కాసిని ఉన్నాయి. మర్నాడు ఇంటికొచ్చాను, వారంలో డ్యూటీలో ఉన్నాను. కొన్నిసార్లు తుంటి ఎముకలోంచి తీస్తారు, మత్తు ఇచ్చి. అది కూడా వెన్నుపాము కాదు. పిల్లలు పుట్టకపోవడం లాంటిదేం లేదు, ఇచ్చిన ఏడాదిన్నరకి నాకు పాప పుట్టింది.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి. మీరు గానీ మీ అత్తగారు గానీ వాడికి ఫోన్లు చేసి ఏడవొద్దు. మా ఇంట్లో అలాగే చేశారు. నేను ఎలాగూ ఇద్దామనుకున్నవాణ్ణే, కానీ పదిమంది ఒకే రోజు ఫోన్ చేసేసరికి ఫోన్ చూస్తేనే గుండె దడ వచ్చేది. మీ డాక్టరుతో మాట్లాడి డోనర్‌కి విడిగా కౌన్సెలింగ్ పెట్టించండి, వాడు, వాడి భార్య, మామగారు ముగ్గురూ కూర్చుని అన్నీ అడగొచ్చు. మీరు ఆ గదిలో ఉండొద్దు. కాదనే హక్కు వాడికి ఉంది, అది కూడా డాక్టరే చెబుతారు. అయితే కాదనేదేదో ఇప్పుడే అనాలి. పేషెంటుకి ట్రాన్స్‌ప్లాంట్ ముందు కీమో మొదలయ్యాక డోనర్ వెనక్కి తగ్గితే ఆవిడ ఒంట్లో మూలుగ ఉండదు, కొత్తది రాదు. ఈ మాట మీ నోటి నుంచి వస్తే బెదిరింపులా ఉంటుంది, డాక్టరు చెబితే సమాచారం.

అత్తగారు కూడా ఎలాగూ హాఫ్ మ్యాచే అవుతారు, తల్లి కదా. వయసులో ఉన్న డోనర్‌కి మొగ్గు చూపుతారు గానీ దారి పూర్తిగా మూసుకుపోలేదు. అది తెలిస్తే మీ బావమరిది మీద కూడా బరువు కొంత తగ్గుతుంది.

రెండో పుట్టినరోజు:

నేను పేషెంట్‌ని. 2018లో వెల్లూరులో ట్రాన్స్‌ప్లాంట్ అయింది, మా అన్నయ్య డోనర్. మీ ఆవిడ గోడ వైపు తిరిగి పడుకోవడం గురించి నేను రాస్తాను, పైవాళ్లు రాసినవన్నీ ఎలాగూ చేస్తారు మీరు, మీ పోస్టు చూస్తేనే తెలుస్తోంది.

మా ఆయన పెళ్లైన దగ్గర్నుంచి నాతో ప్రతిదానికీ వాదించేవారు. సాంబార్లో బెల్లం దగ్గర్నుంచి ఓటు ఎవరికి వేయాలన్న దాకా. జబ్బని తెలిసిన రోజు నుంచి మానేశారు. ఏమన్నా "సరే", ఏం తిట్టినా "సరే". నేను కావాలని ఒకరోజు ఇడ్లీ ప్లేటు తోసేశాను, అప్పుడు కూడా వంగి ఎత్తుకున్నారు. ఆ క్షణంలో నాకు అర్థమైంది, నేను చచ్చిపోతానని ఈయన నమ్మేశారు అని. నిజానికి ఆయన నమ్మలేదు, ఆయన భయం ఆయనది. కానీ మంచం మీద ఉన్న మనిషి రోజంతా చూసేది పక్కవాళ్ల మొహాలే, వేరే పనేముంది.

మీ ఆవిడ డోలో గురించి ఏమీ అనలేదని రాశారు. అంటే బాగుండేదన్నారు. మీరే అనండి. "ఆ రాత్రి తప్పు చేశాను, నీకెంత కోపంగా ఉంది?" అని అడగండి. తిడితే తిట్టనివ్వండి, ఏడిస్తే ఏడవనివ్వండి. అబ్బే నాకేం కోపం లేదంటే ఇంకో రెండు రోజులాగి మళ్లీ అడగండి.

"ధైర్యంగా ఉండు" అని మాత్రం అనకండి. ఆ మాట విన్నప్పుడల్లా నాకు పరీక్షకి కూర్చోబెట్టినట్టుండేది. జుట్టు పోయినప్పుడు మా అత్తగారు "తిరుపతి మొక్కనుకో" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. మొక్కు తీర్చడానికి నేను నా కాళ్ల మీద కొండెక్కాలి కదా. మా ఆయన మాత్రం ఏమీ అనకుండా దిండు మీద వెంట్రుకల్ని తడిగుడ్డతో రోజూ నేను లేచేలోపే తుడిచేసేవారు. అది నేను ఎప్పటికో గానీ కనిపెట్టలేదు.

ఆవిడ టీచరు కదా. బాబు హోంవర్క్ రోజూ ఫోటో తీసి పంపమనండి మీ అమ్మగారిని. ఆవిడ చూసి తప్పులు చెప్పాలి, వీడియోలో చెవి మెలిపెట్టాలి. మందుల టైముల పుస్తకం మీరు రాస్తున్నారనుకుంటా, అది ఆవిడ చేతికివ్వండి, మీరు తప్పు చేస్తే పట్టుకోనివ్వండి. అన్నీ మీరే మోస్తుంటే ఆవిడ సామానులో కలిసిపోతుంది. హాజరు ఒకటి అని రాసుకున్న మనిషి అక్కడే ఉంది, ఎక్కడికీ పోలేదు.

తరవాత సంగతి కూడా కొంచెం చెప్తాను. ట్రాన్స్‌ప్లాంట్ అయ్యాక మొదటి వంద రోజులు ఆసుపత్రికి దగ్గర్లోనే ఉండాలి. ఆ తర్వాత అందరూ బాగైపోయిందంటారు, ఫోన్లు ఆగిపోతాయి. నాకు అసలు కష్టం అప్పుడు మొదలైంది. రెండంతస్తులు ఎక్కడానికి ఎనిమిది నెలలు పట్టింది. 37కే నెలసరి ఆగిపోయింది, రాత్రుళ్లు ఒంట్లోంచి ఆవిర్లు, ఎందుకు ఏడుస్తున్నానో తెలియని ఏడుపు. చర్మం దద్దుర్లు, నోరు ఎండిపోవడం, కళ్లలో ఇసుక పడ్డట్టు ఉండటం, ఇవన్నీ డోనర్ కణాలు మన ఒంటితో గొడవపడటం వల్ల అని చెప్పి మందులిచ్చారు, చాలావరకు తగ్గాయి. చిన్నప్పటి టీకాలన్నీ మళ్లీ వేశారు, నాకూ మా పాపకీ ఒకే కార్డు అని నవ్వుకున్నాం. కాబట్టి మీ సెలవలు, డబ్బు, ఓపిక అన్నీ ఇప్పుడే ఖర్చు పెట్టేయకండి.

కాలవగట్టు (ఏలూరు):

ఐదు రోజులైంది, అందరికీ కలిపి జవాబు రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

సంచి కట్టాను. అట్ట మీద ఇంగ్లీషు మా ఆవిడే రాసింది, నేను రాసిన స్పెల్లింగులు చూసి లాక్కుని. బొప్పాయి ఆకు రసం ఒకసారి ఇచ్చాను నిజమే, రెండో కీమోకి ముందు, డాక్టరుకి చెప్పాను, ఆయన తల పట్టుకున్నాడు గానీ తిట్టలేదు. మా పెదనాన్న కొడుకు ఈ ఆదివారం కుటుంబంతో వస్తానంటే, రావద్దు గానీ నాకు ఇద్దరు ఓ పాజిటివ్ డోనర్లు కావాలన్నాను. శుక్రవారం ఒకర్ని పంపాడు.

ఆ రాత్రి సంగతి అడిగాను. మొదట ఏం లేదంది. నిన్న సాయంత్రం చారు పోస్తుంటే ఉన్నట్టుండి "నువ్వు గురక పెట్టావు తెలుసా, నాకు వణుకొస్తోంది, లేపుదామంటే గొంతు రాలేదు, నువ్వేమో గురక" అంది. అని చాలాసేపు ఏడ్చింది. నేను ఏమీ అనలేకపోయాను. తర్వాత చారులో ఉప్పు ఎక్కువైందని కూడా అంది. నాకు సరిపోయిందన్నాను. లేదు ఎక్కువేనంది. పది నిమిషాలు దాని మీదే నడిచింది. ఇప్పుడు ఇద్దరి మంచాలకీ మధ్య గంట పెట్టాం, దేవుడి గంట, ఇంటావిడ ఇచ్చింది.

డాక్టరుగారు బావమరిదికి బుధవారం పదకొండింటికి టైమిచ్చారు. నేను వాడికి మెసేజ్ మాత్రం పెట్టాను, నేను ఆ గదిలో ఉండను, నీ ఇష్టమే నీది అని. రెండు రోజులు చప్పుడు లేదు. ఇవాళ పొద్దున వాడి భార్య, మా చెల్లెమ్మ నుంచి ఫోన్ వచ్చింది, ఇద్దరం వస్తున్నాం అన్నయ్యా, నాన్న రారు అంది. ఇంకేం అడగలేదు నేను. మా ఆవిడకి చెప్తే, వాళ్లకి భోజనం ఎక్కడ పెడతావు, ఇక్కడ రెండే కంచాలున్నాయి కదా అంది.

నైట్ డ్యూటీ మేడమ్, చిన్న డౌటు. మా డిజిటల్ థర్మామీటర్ ఒక్కోసారి 98, రెండు నిమిషాలకే 99.6 చూపిస్తోంది. ఏ కంపెనీది కొనమంటారు?

నైట్ డ్యూటీ:

ఏదైనా పర్లేదు. ముందు సెల్ మార్చండి. వేడి టీ తాగాక అరగంట ఆగి పెట్టండి. రెండోది కూడా ఒకటి కొని సంచిలో పడేయండి.